ఫోనునకును కంప్యూటరునకును నడుమ తీగలేని సంబంధము తెగినప్పుడు

ఈ కాలమున విద్యార్థి పలకయు, కెమెరాయు, గడియారమును, జాబుల పెట్టెయు ఒక్క ఫోనులోనే యిమిడియున్నవి. యాత్రలకు పోయినప్పుడు తీసిన ఛాయాచిత్రములు, అవ్వల నోట విని పట్టుకొన్న పాటలు, ప్రయోగశాలలో వ్రాసికొన్న కొలతలు అన్నియు దానియందే చేరుచున్నవి. అయినను వ్యాసము కూర్చుటకును, పటములు దిద్దుటకును, అచ్చునకు పంపుటకును కంప్యూటరు కావలయును. ఫోనులో నొక యాపును, కంప్యూటరులో దాని జోడు ప్రోగ్రామును నిలిపి, తీగతో పనిలేకయే యీ సామగ్రిని ఒక చోటినుండి మఱియొక చోటికి పంపుకొనుచున్నాము. ఇది చక్కగా నడచినంత కాలము దాని సంగతి యెవ్వరి తలపునకును రాదు. ఒకనాడు “పరికరము కనబడలేదు” అను వాక్యమొకటి తెరమీద నిలిచినప్పుడు, లోపము ఫోనులోనిదా, కంప్యూటరులోనిదా, నడుమనున్న యంత్రములోనిదా తెలియక మనము తికమకపడుదుము. ఆ లోపమును వెదకు క్రమమెట్టిదో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఎందుల కింత శ్రద్ధ?

ఇది స్వల్ప విషయమని కొందఱనుకొనవచ్చును. మన సీమను తలచుకొన్నచో అట్లు తోపదు. తెలుగు భాషలో నేటివఱకు దొరకిన మిక్కిలి ప్రాచీన శాసనములు కడప సీమలోని కలమళ్ళ, ఎఱ్ఱగుడిపాడు గ్రామములవి, అవి క్రీ. శ. ఆఱవ శతాబ్దమునాటి రేనాటి చోళులు వేయించినవి. కర్నూలు జిల్లాలో జొన్నగిరి చెంత ఎఱ్ఱగుడి బండలమీద అశోకుని శాసనములున్నవి. ఇట్టి స్థలములను చూడబోయిన విద్యార్థులు నేడు రాతిమీది అక్షరములను ఫోనుతో పటములు తీసికొనగలుగుచున్నారు. ఎండకును వానకును అక్షరములు అరుగుచుండును గాన ఆ పటములు విలువగలవి. కాని ఆ పటము ఫోనులో నొక్క ప్రతిగానే యుండి, ఆ ఫోను కడప బండలు పఱచిన నేలమీద జాఱిపడినచో, దినమంతయు పడిన శ్రమ వ్యర్థమగును.

1820లో ఉద్యోగమునకై కడపకు వచ్చిన సి. పి. బ్రౌను దొర, తరువాతి కాలమున పండితులకు జీతములిచ్చి తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. చెదలకు ఆహారము కావలసిన కావ్యములు కొన్ని అట్లు నిలిచినవి. గ్రంథము దక్కవలెనన్నచో రెండవ ప్రతి యుండవలెనని ఆ పని మనకు బోధించుచున్నది. ఫోనునుండి కంప్యూటరునకు పంపుటయు రెండవ ప్రతి వ్రాయించుటయే. ఆ దారి మూసికొన్నప్పుడు దానిని తెఱచు నేర్పు ప్రతి విద్యార్థికిని ఉండదగినది.

సంబంధమనగా నేమి?

మన రెండు పట్టణముల పేరను వెలసిన కర్నూలు-కడప కాలువను ఉదాహరణముగా గొందము. 1863 మొదలు 1870 వఱకు త్రవ్వబడిన యీ కాలువ సుంకేశుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరి, నంద్యాల సీమ మీదుగా కడప చేరునప్పటికి 300 కిలోమీటర్లకు పైగా నడచును. కొసభూమి రైతు పొలమునకు నీరు రాలేదనుకొందము. “నదిలోనే నీరు లేదేమో” యని అతడు ఇంట కూర్చున్నచో కార్యము కాదు. కోపముతో కనబడిన గట్టునెల్ల తెగగొట్టినను కార్యము కాదు. అతడు తన మడినుండి పిల్లకాలువకును, పిల్లకాలువనుండి తూమునకును, తూమునుండి పెద్దకాలువకును వరుసగా నడచి చూచును. ఎందాక నీరున్నది, ఎచ్చటినుండి లేదు, అని తెలిసికొన్నంతనే లోపమున్న చోటు బయటపడును.

ఫోనునకును కంప్యూటరునకును నడుమ నట్టి మెట్లు ఐదు గలవు. మొదటిది, రేడియో తరంగము ఒక పరికరమునుండి మఱియొకదానికి చేరుట. రెండవది, రెండు పరికరములును ఒకే నెట్‌వర్కునందుండుట. మూడవది, వానికి సరియైన చిరునామాలు గలిగియుండుట. నాల్గవది, యాపునకు అనుమతియు, కంప్యూటరు కాపలావానివలన ప్రవేశమును దొరకుట. ఐదవది, రెండును ఒకదానినొకటి గుర్తెఱిగి నమ్ముట. ఈ యైదింటిలో నేయొక్కటి తప్పినను తెరమీద కనబడు వాక్యము మాత్రము ఒక్కటియే. కాబట్టి ఆ వాక్యమును బట్టి లోపమును ఊహింపరాదు. మెట్టు మెట్టుగా చూడవలెను.

అన్ని యాపులు ఒకే త్రోవను నడువవు. వాట్సాప్‌ను కంప్యూటరులో తెఱచినప్పుడు మన సందేశము ఇంటర్నెట్టు మీదుగా దూరదేశపు యంత్రములకు పోయి తిరిగి మన బల్లమీదికి వచ్చును. ఇంటర్నెట్టు లేనిదే అది నడువదు. కేడీఈ కనెక్ట్, లోకల్‌సెండ్ వంటివి ఇంటిలోని నెట్‌వర్కును మాత్రమే ఆశ్రయించును. వీధిలోని తీగ తెగి ఇంటర్నెట్టు పూర్తిగా ఆగిపోయినను అవి పనిచేయవలెను. 2024 జనవరిలో గూగుల్, శాంసంగు సంస్థలవి రెండును ఒక్కటై వచ్చిన క్విక్ షేర్ మొదట బ్లూటూత్‌తో దగ్గరి పరికరమును కనుగొని, పిమ్మట పెద్ద బరువును వైఫై మీద మోయించును. కావున వైఫై ఎంత చక్కగానున్నను బ్లూటూత్ ఆపియుంచినచో అది తడుముకొనుచుండును. మైక్రోసాఫ్టువారు 2018లో తెచ్చి 2022లో ఫోన్ లింక్ అని పేరు మార్చిన ప్రోగ్రాము ఫోను పిలుపులకు బ్లూటూత్‌ను, తక్కిన పెక్కు పనులకు నెట్‌వర్కును వాడుకొనును. మన యాపు ఏ త్రోవదో మొదట తెలిసికొన్నచో వెదకవలసిన పని సగము తగ్గును.

మొదటి మెట్టు: తరంగము

1963లో నెలకొన్న కడప ఆకాశవాణి కేంద్రము 900 కిలోహెర్ట్జుల మీద ప్రసారములు చేసినది. ఆ తరంగపు పొడవు ఇంచుమించుగా 333 మీటర్లు. అంతటి నిడుపైన తరంగము నేలననుసరించి సాగుచు, గుట్టలను దాటి పల్లెలలోని రేడియోలకు చేరగలదు. మన వైఫై తరంగములో, 2.4 గిగాహెర్ట్జులది 12 సెంటీమీటర్లకు కొంచెము పైబడినది. 5 గిగాహెర్ట్జులది 6 సెంటీమీటర్లే. వీని బలమును తక్కువగా నియమించిరి. ఇవి గుట్టలను దాటు మాట యటుండగా, మన యిండ్ల గోడలను దాటుటయే కష్టము.

రాయలసీమలోని పాత మిద్దెయిండ్లకు మూరెడు మందముగల రాతిగోడలుండును. బేతంచెర్ల రాయి, కడప బండ మన నేలలకును, అరుగులకును, కొన్నియెడల గోడలకును వాడబడుచున్నవి. వేసవి వేడిమిని ఆపు గోడయే తరంగమును గూడ ఆపును. అందునను 5 గిగాహెర్ట్జుల తరంగము త్వరగా నీరసించును, 2.4 గిగాహెర్ట్జులది కొంత మేలు. కావున మొదటి పరీక్ష మిక్కిలి సులభము: ఫోనును, కంప్యూటరును, రౌటరును ఒకే గదిలో, నాలుగైదడుగుల దూరమున నుంచి మరల ప్రయత్నింపవలెను. అచట పనిచేసి, ప్రక్కగదిలో పనిచేయనిచో లోపము యాపునందు లేదు, గోడయందున్నది. రౌటరును ఇనుప బీరువా వెనుకను, నేలమీదను ఉంచక, గదుల నడుమ వాకిలికి ఎదురుగా ఎత్తున నుంచుటయే దీనికి మందు.

ఇచ్చట మఱియొక చిక్కు గలదు. క్రొత్త ఫోను తన హాట్‌స్పాటును 5 గిగాహెర్ట్జుల మీద వేసియుండవచ్చును. పాత కంప్యూటరు 2.4 మాత్రమే యెఱిగినదైనచో, ప్రక్కనే యున్న ఆ హాట్‌స్పాటు పేరు దాని తెరమీద కనబడనే కనబడదు. ఫోను చెడినదని అనుకొనక, హాట్‌స్పాటు అమరికలలో 2.4 గిగాహెర్ట్జులను ఎన్నుకొన్నచో పేరు కనబడును. మఱియు బల్లమీది కంప్యూటరులలో పెక్కింటికి వైఫై సాధనమే యుండదు. అట్టిదానిని రౌటరునకు తీగతో కలిపినను చాలును. ఫోను గాలిమీదను, కంప్యూటరు తీగమీదను ఒకే రౌటరునకు చేరినచో అవి సాధారణముగా ఒకే నెట్‌వర్కునందున్నట్లే.

బ్లూటూత్‌ను గూర్చి యొక లెక్క చెప్పుదము. ఒక్కొక్కటి 4 మెగాబైట్ల చొప్పున 200 పటములున్నచో మొత్తము 800 మెగాబైట్లు, అనగా 6,400 మెగాబిట్లు. బ్లూటూత్ సెకనునకు 2 మెగాబిట్లు మోసినచో దీనికి 3,200 సెకనులు, అనగా 53 నిమిషములు పట్టును. వైఫై సెకనునకు 40 మెగాబిట్లు మోసినచో 160 సెకనులు చాలును. కావున బ్లూటూత్ మీద పెద్ద సంచిక పంపుచు “ఆగిపోయినది” అనుకొన్నప్పుడు, అది ఆగలేదు, నడచుచునే యున్నదేమో చూడవలెను.

రెండవ మెట్టు: ఒకే నెట్‌వర్కు

రెండు పరికరములును వైఫైతో కలిసియున్నవని చెప్పుట చాలదు. ఒకే వైఫైతో కలిసియున్నవా యని చూడవలెను. ఇంటి రౌటరు రెండు పేర్లను చూపుచుండవచ్చును. అందొకటి అతిథులకు ఏర్పఱచినదైనచో, దానిలోని పరికరములు ఒకదానినొకటి చూడకుండునట్లు అడ్డు కట్టబడియుండును. వసతిగృహములలోను, కళాశాలలలోను, రైలు స్టేషనులలోను గల వైఫైలలో పెక్కింట నట్టి కట్టుబాటే యుండును. అది లోపము కాదు. అపరిచితులు మన కంప్యూటరును తట్టకుండ పెట్టిన రక్షణము. అట్టిచోట ఎంత ప్రయత్నించినను ఫోను కంప్యూటరును కనుగొనదు.

ఇంటర్నెట్టు తీగ తెగిన దినమున మఱియొక విచిత్రము జరుగును. వైఫైలో ఇంటర్నెట్టు లేదని పసిగట్టి కొన్ని ఫోనులు తమంత తామే మొబైలు డేటాకు మఱలును. పైన వైఫై గుర్తు వెలుగుచున్నను సామగ్రి మాత్రము వేఱు దారిని పోవజూచును. అప్పుడు మొబైలు డేటాను తాత్కాలికముగా ఆపి చూడవలెను. ఫోనులోగాని కంప్యూటరులోగాని వీపీఎన్ నడచుచున్నచో దానిని గూడ కొంతసేపు ఆపవలెను. అది మన మాటలనన్నిటిని దూరపు సొరంగములోనికి పంపుటచేత, ప్రక్కనున్న పరికరమునకు అవి చేరకపోవచ్చును.

రౌటరే లేని పల్లెలో ఏమి చేయవలెను? ఫోను హాట్‌స్పాటును వేసి, కంప్యూటరును దానికి కలుపవలెను. అప్పుడు ఫోనే రౌటరగును. పెక్కు ఫోనులలో మొబైలు డేటాను ఆపివేసినను ఈ సంబంధము నిలుచును గాన, ఇంటి నెట్‌వర్కునాశ్రయించు యాపులతో పైసా డేటా ఖర్చు లేకయే పటములు పంపుకొనవచ్చును. వసతిగృహపు వైఫై అడ్డుపెట్టినచోట గూడ ఇదియే దారి.

మూడవ మెట్టు: చిరునామా

నెట్‌వర్కులో చేరిన ప్రతి పరికరమునకు రౌటరు అంకెలతో నొక చిరునామా నిచ్చును. ఇండ్లలో నది తఱచుగా 192.168 తోనో, 10 తోనో మొదలిడును. ఈ అంకెలను సొంత నెట్‌వర్కులకై ప్రత్యేకించిరి. ఫోనులో వైఫై వివరములను తెఱచినచో అది కనబడును. విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్టు తెఱచి ఐపీకాన్ఫిగ్ అను ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరములతో వ్రాసినచో కనబడును. సామాన్యముగా రెండు చిరునామాలలో మొదటి మూడు అంకెలును ఒకటిగా నుండవలెను. ఫోను 192.168.1.7, కంప్యూటరు 192.168.1.12 అయినచో రెండును ఒక వీధివారే. ఒకటి 192.168.1 లోను, మఱియొకటి 192.168.0 లోను ఉన్నచో ఇంటిలో రెండు రౌటరులు వేర్వేఱు వీధులు వేసినవని యనుమానింపవలెను.

కంప్యూటరు చిరునామా 169.254 తో మొదలిడినచో, అది రౌటరును అడిగి, బదులు దొరకక, తనకు తానే యొక పేరు పెట్టుకొన్నదని యర్థము. అప్పుడు యాపును నిందించుట వ్యర్థము. వైఫైని ఆపి మరల వేయవలెను. చాలనిచో రౌటరును ఆపి, అర నిమిషము తాళి మరల వేయవలెను.

చిరునామాలు తెలిసినపిమ్మట ఒక చక్కని పరీక్ష గలదు. ఫోను తెరను వెలిగించియుంచి, కంప్యూటరు ఆజ్ఞల గవాక్షములో పింగ్ అని యింగ్లీషున వ్రాసి, ప్రక్కన ఫోను చిరునామాను చేర్చవలెను. బదులు వచ్చినచో మొదటి మూడు మెట్లును బాగున్నట్లే. ఇక యాపును, కాపలాను చూడవలెను. బదులు రానిచో రౌటరు చిరునామాను పిలిచి చూడవలెను. రౌటరు పలికి ఫోను పలుకనిచో ఫోను వైపునగాని, నెట్‌వర్కు అడ్డుకట్టలోగాని లోపమున్నదని తోచును. కాలువ గట్టున నిలిచి నీటిని చూచుట యనగా నిదియే.

కరెంటు పోయి వచ్చినపిమ్మట, నిన్నటివఱకు పనిచేసిన సంబంధము నేడు పనిచేయకుండుట మన యూళ్ళలో అరుదు కాదు. రౌటరు మరల లేచినప్పుడు పరికరములకు క్రొత్త చిరునామాలు ఇచ్చియుండవచ్చును. యాపు మాత్రము పాత చిరునామాకే జాబులు వ్రాయుచుండును. యాపును మూసి తెఱచి, క్రొత్త చిరునామా నిచ్చినచో సరిపడును. నిత్యము ఈ చిక్కు వచ్చుచున్నచో, రౌటరు అమరికలలో కంప్యూటరునకు ఒకే చిరునామాను శాశ్వతముగా కేటాయింపవచ్చును.

నాల్గవ మెట్టు: అనుమతియు, కాపలాయు

నేటి ఫోనులు యాపులను స్వేచ్ఛగా తిరుగనీయవు. ఆండ్రాయిడ్ ఫోనులలో 2021లో వచ్చిన 12వ రకము మొదలుకొని దగ్గరి బ్లూటూత్ పరికరములను వెదకుటకు ప్రత్యేకానుమతి కావలయును. అంతకు ముందటి ఫోనులలో నిందులకు స్థలానుమతిని అడుగుచుండెను. ఐఫోనులో 2020 నాటి 14వ రకము మొదలుకొని, ఇంటి నెట్‌వర్కులోని పరికరములను వెదకవలెనన్నచో యజమాని “సరే” యనవలెను. మొదటిసారి తొందరలో “వద్దు” అని నొక్కినచో ఆ యాపు నాటినుండి గ్రుడ్డిదగును. అమరికలలో యాపు పేరు తెఱచి అనుమతులను చూచుకొనవలెను. మఱియు బ్యాటరీని పొదుపు చేయు ఉద్దేశముతో ఫోను వెనుకనున్న యాపులను నిద్రపుచ్చుచుండును. తెర వెలిగియున్నప్పుడు సంబంధముండి, ఆరినంతనే తెగుచున్నచో ఇదియే హేతువు కావచ్చును. ఆ యొక్క యాపునకు బ్యాటరీ పొదుపు నుండి మినహాయింపు నీయవలెను.

కంప్యూటరు వైపున ఫైర్‌వాల్ అను కాపలా గలదు. విండోస్ ప్రతి క్రొత్త నెట్‌వర్కును సాధారణముగా బహిరంగమైనదిగా భావించి, లోనికి వచ్చు పిలుపులను అడ్డగించును. ఇది బజారులో మంచిదే. ఇంటిలో మాత్రము మన ఫోను పిలుపును గూడ త్రోసివేయును. ఇంటి వైఫైని సొంత నెట్‌వర్కుగా గుర్తించి, ఆ జోడు ప్రోగ్రాము నొక్కదానికే సొంత నెట్‌వర్కునందు ప్రవేశమీయవలెను. కంప్యూటరునకు ద్వారములవంటి సంఖ్యలుండును, వానిని పోర్టులందురు. 2013లో మొదలైన కేడీఈ కనెక్ట్ 1714 నుండి 1764 వఱకు గల పోర్టులను వాడుకొనును. లైనక్సు కంప్యూటరులో ఫైర్‌వాల్ వేసియున్నచో ఆ పోర్టులను మాత్రమే తెఱచిన చాలును.

పరికరమును కనుగొనుట వేఱు, దానితో మాటలాడుట వేఱు. కనుగొనుటకై యాపు “ఎవరున్నారు?” అని నెట్‌వర్కంతట కేక వేయును. కొన్ని రౌటరులు ఆ కేకను మోయవు. అట్టి యప్పుడు యాపులో చిరునామాను చేతితో వ్రాయు తావున్నచో వ్రాసి చూడవలెను. అట్లు కలిసినచో దారి బాగున్నది, కేక మాత్రమే చేరలేదని తేలును.

ఐదవ మెట్టు: గుర్తును, నమ్మకమును

మొదటిసారి కలిసినప్పుడు ఫోనును కంప్యూటరును రహస్య గుర్తులను మార్చుకొనును. ఫోనును క్రొత్తగా తుడిచివేసినను, కంప్యూటరులో ప్రోగ్రామును తీసి మరల వేసినను ఒకదాని దగ్గఱ పాత గుర్తును, మఱియొకదాని దగ్గఱ క్రొత్తదియు నుండును, రెండును పొసగవు. అప్పుడు ఒక వైపుననే కాక రెండు వైపులను పాత జతను తీసివేసి, క్రొత్తగా జతపఱుపవలెను. రెండు తెరలమీదను కనబడు సంఖ్యలు ఒకటియేయని చూచికొని మఱియు ఒప్పుకొనవలెను. రెండు వైపుల ప్రోగ్రాములును ఒక కాలపువియే యగునట్లు నవీకరించుటయు మంచిది.

తేదీని గూడ మఱవరాదు. పాత కంప్యూటరులలో లోపలి చిన్న బ్యాటరీ తీఱిపోయినచో, కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల గడియారము ఎన్నియో యేండ్లు వెనుకకు పోవును. ఇంటర్నెట్టు మీది రక్షిత సంబంధములు తేదీని చూచి నమ్మును గాన, తేదీ తప్పినచో అవి నిరాకరింపబడును. తేదీని దిద్దినంతనే ఎంతో పెద్దదిగా తోచిన చిక్కు విడిపోవుట కలదు.

గట్టు తెగగొట్టరాదు

ఇక అన్నిటికన్న ముఖ్యమైన మాట. సంబంధము కుదరనప్పుడు తొందరపాటువలన రెండు ప్రమాదములు గలుగును. మొదటిది, ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేయుట. పరీక్షకై ఇంటి నెట్‌వర్కులో రెండు నిమిషములాపి వెంటనే మరల వేయుట యొకటి. ఆపి మఱచిపోవుట యొకటి. ఒక మడికి నీరు పాఱుటకై కాలువ గట్టును తెగగొట్టినవాడు తన పైరును, పొరుగువాని పైరును గూడ ముంచును. ఆ కంప్యూటరు మఱునాడు బజారులోని వైఫైకి చేరినచో తలుపులన్నియు తెఱచిన యిల్లగును.

రెండవది, తెలియనివారి సహాయము. ఇంటర్నెట్టులో వెదకినప్పుడు కనబడిన ఏదో యొక సంఖ్యకు ఫోను చేయగా, అవతలివారు మిక్కిలి మర్యాదతో మాటలాడి, దూరమునుండి మన తెరను చూచు యాపు నొకదానిని వేసికొమ్మని, అందులో వచ్చు సంఖ్యను చెప్పుమని అడుగుదురు. చెప్పినంతనే మన ఫోను వారి చేతిలోనిదగును. బ్యాంకు రహస్యములు వారి కన్నుల యెదుట నుండును. ఇట్టి మోసములను గూర్చి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించినది. ఆ యాపులు తమంత చెడ్డవి కావు. తాళపుచెవిని ఎవరికిచ్చితిమన్నదే ప్రశ్న. సంఖ్యను గాని, ఓటీపీని గాని అపరిచితులకు చెప్పరాదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 అను జాతీయ సహాయ సంఖ్యకు తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన అంత మేలు. మన పాఠశాల విద్యార్థులు ఈ మాటను తమ యింటి పెద్దలకు గూడ చదివి వినిపింతురుగాక.

పాటింపవలసిన క్రమము

ఇంతవఱకు చెప్పినదానిని క్రోడీకరింతము. మొదట యాపు ఏ త్రోవదో తెలిసికొనుము. ఫోనును, కంప్యూటరును దగ్గఱ చేర్చి, రెండింటిలోను విమానపు రీతి ఆపియున్నదా, వైఫై, బ్లూటూత్ వేసియున్నవా చూడుము. రెండును ఒకే నెట్‌వర్కు పేరు చూపుచున్నవా చదువుము. చిరునామాలను కాగితముమీద వ్రాసికొని పోల్చుము. పింగ్ పంపి బదులు వచ్చునేమో చూడుము. పిమ్మట అనుమతులను, ఫైర్‌వాల్‌ను పరిశీలింపుము. ఆ తరువాతనే జతను తీసి మరల కట్టుము. యాపును తీసివేసి మరల వేయుట కడపటి యుపాయము. చాలమంది దానినే మొదటిదిగా చేయుటవలన లోపమెక్కడనో ఎన్నటికిని తెలిసికొనరు.

ఒక్కొక్కసారి ఒక్కొక్క మార్పునే చేయవలెను, చేసినదానిని వ్రాసికొనవలెను. ఒకేసారి నాలుగు మార్పులు చేసినప్పుడు సంబంధము కుదిరినను, ఏ మార్పువలన కుదిరినదో తెలియదు. మఱుసటిసారి మరల మొదటినుండి తడుముకొనవలసివచ్చును. ప్రయోగశాలలో ఉపాధ్యాయులు మనకు చెప్పునదియు నిదియే గదా: తక్కిన వాని నన్నిటిని కదలింపక ఒక్కదానిని మార్చి ఫలితము చూడుమని. ఆ పాఠము భౌతికశాస్త్రపు నోటుపుస్తకమునందే నిలిచిపోక, ప్రతిదినమును మన చేతిలోని పరికరమునకు గూడ వర్తించుచున్నది.

పరీక్ష దగ్గఱపడి, సమయము లేనప్పుడు తీగను వాడుట చిన్నతనము కాదు. ఛార్జింగునకు వాడు తీగలలో కొన్ని కరెంటును మాత్రమే మోయును గాన, సామగ్రిని గూడ మోయగల తీగ నొకదానిని ఇంటిలో నుంచుకొనవలెను. దానితో పటములను కంప్యూటరునకు చేర్చి, ఆ తరువాత తీరికగా తీగలేని దారి ఎందుకు మూసికొన్నదో వెదకవచ్చును. రెండవ ప్రతి చేతికి వచ్చుట మొదటి పని. లోపమును కనుగొనుట రెండవ పని. ఈ రెండును ఓరిమితో నెఱవేర్చిన విద్యార్థి, యంత్రము మొండికెత్తినప్పుడెల్ల ఇతరుల ముఖము చూడవలసిన పని లేక, తానే పదిమందికి తోడ్పడగలడు.